రోజుకి ఒకటే టికెట్

బ్యాంకాక్‌లో విమానమెక్కితే సింగపూర్‌లో దిగడానికి రెండున్నర గంటలు చాలు. మన ఊళ్లలో ట్రావెల్ ఏజెంట్లు అమ్మే ప్యాకేజీల్లో చాలావాటికి ఈ లెక్కే ఆధారం. పొద్దున ఒక దేశం, రాత్రికి ఇంకో దేశం, నడుమ ఏసీ బస్సు, రెండుపూటలా మన భోజనం. వాటిని తప్పు పట్టను. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకీ, ఎక్కువ నడవలేనివాళ్లకీ అది సుఖం. కానీ ఆ రెండున్నర గంటల కింద సుమారు 1,900 కిలోమీటర్ల దారి ఉంది. మూడు దేశాలు, రెండు సరిహద్దులు, ఒక జలసంధి, లెక్కలేనన్ని రైల్వే స్టేషన్లు. వాటిని కిటికీలోంచి చూస్తూ వెళ్లడానికి అయ్యే ఖర్చు, చాలామంది అనుకునేదాని కంటే తక్కువ.

మా ఆయన గుంటూరు డివిజన్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పాను. ఇద్దరికీ వచ్చేది పెన్షన్. పిల్లల్ని డబ్బు అడగకుండా, దాచుకున్న ఫిక్సెడ్ డిపాజిట్ కదపకుండా వెళ్లి రావాలన్నది మా పంతం. అందుకే బయల్దేరే ముందే ఒక నియమం పెట్టుకున్నాం: రోజుకి ఒకటే టికెట్. డబ్బు కట్టి చూసే చోటు రోజుకొక్కటి. మిగతా పొద్దంతా ఉచితంగా చూడగలిగినవే. వీధి, రేవు, బజారు, గుడి, పార్కు. ఆ ఒక్క టికెట్ ఏదన్నది ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని తేల్చుకోవాలి. పైకి ఇది పొదుపులా కనిపిస్తుంది గానీ, నిజానికి చూసినదాన్ని తీరిగ్గా చూడనిచ్చింది ఈ నియమమే. పొద్దుటి నుంచీ నాలుగు టికెట్లు కొన్నవాడు నాలుగింటి దగ్గరా గడియారమే చూసుకుంటాడు.

విమానం టికెట్లు హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కి ఒకటి, సింగపూర్ నుంచి హైదరాబాద్‌కి ఒకటి విడివిడిగా తీసుకున్నాం. చౌక విమానాల్లో చేతిసంచి 7 కిలోలు దాటకూడదు, దాటితే కట్టే రుసుముతో ఒకరోజు గది వస్తుంది. అందుకని తలా ఒక చిన్న సంచీ, ఆరేయగానే ఆరిపోయే బట్టలు. థాయ్‌లాండ్, మలేసియా మేం వెళ్లినప్పుడు మనవాళ్లకి వీసా అడగలేదు, ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే సరిపోయింది. సింగపూర్‌కి మాత్రం వీసా కావాలి, దాన్ని ఇక్కడే గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా చేయించుకోవాలి. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లే చూసుకోండి. ఇన్సూరెన్స్ తీసుకోవడం మరవద్దు. అరవై దాటినవాళ్లు అసలే మరవద్దు.

బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయం అడుగునే రైలుంటుంది. చివరి స్టేషన్ దాకా మనిషికి 45 బాట్. ఒక బాట్ రెండున్నర రూపాయల పైమాట అనుకోండి. నడుమ మక్కసన్‌లో దిగితే పక్కనే మెట్రో. అది పాత రైల్వేస్టేషన్ హువా లంపోంగ్ దాకా తీసుకుపోతుంది. మేం గది అక్కడే, చైనాబజారు యావరాత్‌కి నడిచిపోయేంత దూరంలో తీసుకున్నాం. బస విషయంలో నేను చెప్పేది ఒక్కటే. గది ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, మెట్రోకి గాని రేవుకి గాని ఐదు నిమిషాల నడకలో ఉండాలి. ఊరి చివర చౌకగా దొరికిందని పెద్ద గది తీసుకున్నవాళ్లు ఆ మిగులంతా టాక్సీలకే పోస్తారు.

చావో ఫ్రాయా నది ఆ ఊరికి రహదారి. ఆఫీసులకి వెళ్లేవాళ్లు, యూనిఫాం వేసుకున్న పిల్లలు, కాషాయం కట్టిన భిక్షువులు అందరూ ఎక్స్‌ప్రెస్ పడవలోనే పోతుంటారు. ఇదే నదిని టూరిస్టు పడవలో చూడడానికి కొన్ని రెట్లు ఎక్కువ కడతారు. మామూలు పడవలో కండక్టరమ్మ చేతిలో పొడుగాటి రేకు గొట్టం ఉంటుంది. దాంట్లో చిల్లర, టికెట్ల చుట్టలు. మూత టపటపా ఆడించుకుంటూ వస్తుంది, ఆ చప్పుడు వినగానే జనం డబ్బులు తీసి పట్టుకుంటారు. గొట్టం అంచుకే టికెట్ చింపి ఇస్తుంది. పడవ రేవుకి తగలగానే వెనకున్న కుర్రాడు ఈల వేస్తాడు. ఒక రకం ఈలకి డ్రైవరు వెనక్కి లాగుతాడు, ఇంకో రకానికి ముందుకి. గార్డు పని చేసిన మనిషికి అంతకంటే ఏం కావాలి? మా ఆయన ఆ కుర్రాడి పక్కనే నిలబడి, ఏ ఈల దేనికో నాకు విప్పి చెప్పారు.

ఆ ఊళ్లో మా మొదటి టికెట్ గ్రాండ్ ప్యాలెస్. మనిషికి 500 బాట్, తక్కువేం కాదు. అయినా తెలుగువాళ్లు బ్యాంకాక్‌లో ఒక్కచోటే చూడగలిగితే అదే చూడమంటాను. రాజభవనం కోసం కాదు, ఆ ప్రాకారంలోనే ఉన్న పచ్చబుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వసారా కోసం. ఆ గోడల మీద రామకథ అంతా వరసగా 178 భాగాలుగా చిత్రించి ఉంది. థాయ్‌లు దాన్ని రామకియెన్ అంటారు. 1782లో బ్యాంకాక్‌ని రాజధాని చేసుకున్న మొదటి రాముడి (ఆ వంశంలో రాజులందరినీ రాముడనే పిలుస్తారు) కాలంలో మొదలై, తర్వాత రాజుల కాలంలో ఎన్నోసార్లు కొత్తగా వేసిన బొమ్మలు. కిరీటాలకీ నగలకీ బంగారురేకు అద్దారు. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడినప్పుడు రాక్షసుల కంటే ముందు వాళ్ల నగలు కనబడతాయి.

ఇక్కడి హనుమంతుడు తెల్లటివాడు, బ్రహ్మచారి కాడు. వారధి కడుతుంటే రావణుడి కూతురైన మత్స్యకన్య రాళ్లు ఎత్తుకుపోతుంది. ఆమెని అడ్డుకోబోయి ప్రేమిస్తాడు. వాళ్లకి పుట్టిన కొడుకు సగం కోతి, సగం చేప. రాముణ్ని మాయచేసి పాతాళానికి ఎత్తుకుపోయిన రాక్షసుడి వాకిట ఆ పిల్లవాడే కాపలా. తండ్రీకొడుకులు ఒకరినొకరు ఎరగక కలబడతారు. ఆ బొమ్మ దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మమ్మ వేసవి రాత్రుల్లో డాబా మీద చెప్పిన మైరావణుడి కథ ఇదే కదా! మన మత్స్యవల్లభుడే కదా అక్కడ వాకిలి కాస్తున్నది! వాల్మీకి రామాయణంలో లేని ఈ కథ మన పల్లెల్లోనూ ఉంది, థాయ్ రాజుల గోడ మీదా ఉంది. సముద్రం మీద ఏ వర్తకులు, ఏ బొమ్మలాటవాళ్లు దాన్ని ఇటునుంచి అటు మోశారో! పొద్దుటి నుంచి ద్వారం మూసే వేళదాకా ఆ వసారాలోనే గడిపాం. గైడ్‌ల వెంట వచ్చిన బృందాలు పది నిమిషాల్లో ఫొటోలు తీసుకుని దాటిపోయాయి.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలుంటేనే లోపలికి పంపుతారు. చీరకీ చుడీదార్‌కీ ఇబ్బంది లేదు. ఇంకొకటి. ఆ గోడ బయట ఎవరైనా మర్యాదగా వచ్చి, "ఈరోజు ప్యాలెస్ మూసేశారు, పూజ జరుగుతోంది, నేను వేరే గుళ్లు చూపిస్తాను" అంటే నవ్వి ముందుకు నడవండి. అతను ఎక్కించే ఆటో చివరికి ఆగేది రత్నాల దుకాణం ముందే. మాతోనూ ఒకాయన అన్నాడు. మా ఆయన నేరుగా ద్వారం దగ్గరికి వెళ్లి చూస్తే బారులుతీరి జనం.

నేను శాకాహారిని, ఆయన అన్నీ తింటారు. థాయ్ కూరల్లో కూరగాయలే కనబడినా లోపల చేపల సాస్ ఉంటుంది. దీనికి అక్కడివాళ్లే చూపే దారి పసుపు జెండా. పసుపు మీద ఎర్రక్షరాలతో, మన కంటికి 17 అంకెలా కనబడే గుర్తు ఉన్న బండి గాని కొట్టు గాని కనబడితే, అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. చైనా బౌద్ధుల నిష్ఠ అది. యావరాత్ సందుల్లో ఇలాంటి కొట్లు మంచివే దొరికాయి. అన్నం మీద రెండు కూరలు వేయించుకుని తింటే మన ఊళ్లో టిఫిన్ ఖర్చు. భారతీయ భోజనం కోసం వెతికి ఉంటే దానికి నాలుగింతలయ్యేది. మరో మాట: ఏటీఎంలో డబ్బు తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాట్ పైనే రుసుము పట్టుకుంటుంది. కొంచెం కొంచెం తీయకండి.

దూరప్రయాణాల రైళ్లు 2023 జనవరి నుంచి క్రుంగ్ థేప్ అఫివత్ అనే కొత్త పెద్ద స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి. సాయంత్రం ఎక్కితే పొద్దున్నే మలేసియా సరిహద్దు పడంగ్ బెసార్. రెండో తరగతి ఏసీ స్లీపర్‌లో కింది బెర్తు వెడల్పు, ధర కాస్త ఎక్కువ. ఇద్దరికీ కిందివే తీసుకున్నాం, అక్కడ పొదుపు చూసుకోలేదు. చీకటి పడగానే అటెండెంట్ వచ్చి, ఎదురెదురు సీట్లని లాగి కలిపి, పరుపు పరిచి, తెల్లదుప్పటి ముడత లేకుండా లాగి, పచ్చతెర వేసి వెళ్లాడు. ఒక్కో బెర్తుకి రెండు నిమిషాలు పట్టి ఉండదు. మా ఆయన మాత్రం పట్టాలు చూసి పరవశించారు. థాయ్‌లాండ్, మలేసియాల్లో ఇప్పటికీ మీటర్ గేజే. గుంటూరు నుంచి ద్రోణాచలం మీదుగా గుంతకల్లుకి పోయే లైన్ మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో ఆయన ఉద్యోగంలో చేరారు. "చూశావా, ఈ ఊగుడు మీటర్ గేజ్‌దే, నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది" అన్నారు.

తెల్లారగట్ల హాట్ యాయ్‌లో రైలు చాలాసేపు ఆగింది. ఆయన దిగి చూసొచ్చారు. వెనక వచ్చిన పెట్టెలన్నీ అక్కడే విప్పేసి, సరిహద్దుకి పోయే రెండంటే రెండు పెట్టెలకి ఇంజిన్ తగిలించారు. గంట తర్వాత పడంగ్ బెసార్. ఒకే స్టేషన్ భవనంలో థాయ్‌ల ముద్ర ఒక కిటికీలో, కొన్ని అడుగులు వేస్తే మలేసియా ముద్ర ఇంకో కిటికీలో. గడియారం గంట ముందుకి తిప్పుకోవాలి. తర్వాతి రైలు చూసుకునేటప్పుడు ఈ గంట మరిచిపోతే రైలు వెళ్లిపోతుంది. అక్కణ్నుంచి బటర్‌వర్త్ దాకా కరెంటు రైలు, స్టేషన్ పక్కనే పెనాంగ్ దీవికి పోయే పడవ. మనిషికి 2 రింగిట్లు, అంటే 40 రూపాయలకి అటూఇటూ. దీవికి వెళ్లేటప్పుడే టికెట్, తిరిగొచ్చేటప్పుడు అడగరు. సముద్రాన్ని ఇంత చౌకగా దాటించే ఊరు నేనింకెక్కడా చూడలేదు.

పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌ని 1786లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ లైట్ వేయించాడు. 2008లో మలక్కాతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్ల ముందు ఐదడుగుల వెడల్పున నీడపట్టున నడిచే వసారా, ఇంటి తర్వాత ఇల్లు కలిసిపోయి వీధి పొడుగునా సాగుతుంది. మన పాత ఊళ్ల అరుగులన్నీ కలిపి దారి చేసినట్టుంటుంది. వానొచ్చినా ఎండకాసినా ఊరంతా ఆ నీడలోనే నడవొచ్చు. ఒక్క వీధి వెంట, వరసగా, ఆంగ్లికన్ చర్చి, చైనావాళ్ల కరుణామూర్తి గుడి, మారియమ్మన్ కోవెల, కపితాన్ కెలింగ్ మసీదు ఉన్నాయి. దేనికీ టికెట్ లేదు. సముద్రం మీద కొయ్య స్తంభాలపై కట్టుకున్న చైనా వంశాల పేటలకీ లేదు. కాకపోతే అవి మనుషులు కాపురముండే ఇళ్లు. వాకిట్లో ఆరేసిన బట్టల నడుమ నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్లని చూస్తే మనసుకి బాగుండలేదు. పొద్దున్నే రోటీ చనాయ్, పప్పు, నురగ తేలే టీ. నాకు మూడు పూటలా అదే అయినా సంతోషమే.

కౌలాలంపూర్‌కి బటర్‌వర్త్ నుంచి వేగం రైలులో నాలుగు గంటలు. 452 మీటర్ల పెట్రోనాస్ జంట గోపురాల పైకెక్కే టికెట్ మేం కొనలేదు. పైకెక్కితే అన్నీ కనబడతాయి, జంటగా అవి తప్ప. కింద పార్కులో రాత్రిపూట ఫౌంటెన్ దగ్గర కూర్చుంటే అవే మన ముందుంటాయి. బటూ గుహలకి కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు నేరుగా పోతుంది. 42.7 మీటర్ల బంగారు మురుగన్, వెనక రంగురంగుల 272 మెట్లు. గుడి ఉన్న పెద్ద గుహకి టికెట్ లేదు. పొద్దున ఎనిమిదిలోపు ఎక్కితే ఎండ తప్పుతుంది, బస్సుల బృందాలూ తప్పుతాయి. కోతులు మాత్రం తప్పవు. సంచిలో అరటిపండు కనబడకూడదు.

సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక టిఫిన్ హోటల్లో మేం మాట్లాడుకుంటుంటే పక్కబల్ల మీది పెద్దాయన తలెత్తి, "తెలుగోళ్లాండీ?" అన్నారు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి పెరాక్‌లో కొబ్బరితోటలో చేరారట. బగాన్ దాతుక్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయని, ఇళ్లలో ఉగాది చేసుకుంటామని చెప్పారు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తరాంధ్ర తీరం నుంచి మలయా తోటలకి వేలమంది కూలికి వెళ్లారని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఆ వాక్యంలోని మనిషి మనవడు ఎదురుగా కూర్చుని, నాకు రాని మలయ్ మాటలు కలిపి, నా చిన్నప్పటి పలుకుబడిలో తెలుగు మాట్లాడుతుంటే చేతిలో దోసె చల్లారిపోయింది. తాను ఆంధ్రా చూడలేదన్నారు. మా ఇంటికి రమ్మని చిరునామా రాసిచ్చాం. ఆరోజు ఏ టికెట్టూ కొనలేదు.

సింగపూర్‌కి బస్సులో వెళ్లాం. రద్దీని బట్టి ఐదారు గంటలు. మలేసియా వైపు ఒకసారి, సింగపూర్ వైపు ఒకసారి దిగాలి. రెండో దగ్గర సామానంతా దింపుకుని వెళ్లాలి. బయటికొచ్చాక ఒకేలాంటి బస్సులు పదులకొద్దీ ఉంటాయి కాబట్టి, దిగేముందే బస్సు నంబరు ఫొటో తీసుకోవాలి. శుక్రవారం సాయంత్రాలు, సెలవుల ముందురోజులు ఆ దారి పెట్టుకోవద్దు.

ఖర్చు సంగతిలో సింగపూర్ వేరే లోకం. డాలరుకి అరవై రూపాయల పైనే. అక్కడి రాత్రుల గది అద్దె, మిగతా ఊళ్లన్నిటి అద్దెకీ దగ్గరగా వచ్చింది. లిటిల్ ఇండియాలో మాకు దొరికింది కిటికీ లేని గది. చౌక గదుల్లో చాలావాటికి కిటికీ ఉండదు. బుక్ చేసేటప్పుడు ఆ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదువుకోండి. మిగతావన్నీ మాత్రం ఆ ఊరు సామాన్యుడికి అందేలానే పెట్టింది. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసాలు కొనక్కర్లేదు. బొటానిక్ గార్డెన్స్‌కి 2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆర్కిడ్‌ల తోటకి తప్ప టికెట్ లేదు. మెరీనా బే పక్కన ఉక్కుతో కట్టిన పెద్ద చెట్ల మీద పాటకి తగ్గట్టు ఆడే దీపాలు చూడడం రాత్రిపూట ఉచితం, పచ్చికలో వెల్లకిలా పడుకుని చూస్తారు జనం.

అసలు ఆ ఊరిని చూడాలంటే హాకర్ సెంటర్‌కి వెళ్లాలి. ఒకప్పుడు వీధుల్లో బండ్లు పెట్టుకున్నవాళ్లని ప్రభుత్వం ఒక కప్పు కిందికి చేర్చి, నీళ్లు, మురుగుకాలవ, శుభ్రత చూసింది. ఈ సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చుకుంది. మధ్యాహ్నం మ్యాక్స్‌వెల్ అనే సెంటర్‌లో చూశాం. ఆఫీసు అమ్మాయి ఒకతె ఖాళీ బల్ల మీద టిష్యూ కాగితాల ప్యాకెట్ పెట్టి వరసలోకి వెళ్లిపోయింది. అంత జనంలో నిలబడి తినేవాళ్లున్నా ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు. తిన్నాక ఎవరి పళ్లెం వాళ్లే తీసుకెళ్లి పెట్టాలి, పెట్టకపోతే జరిమానా కూడా ఉంది. హలాల్ పళ్లేలకి వేరే అర, మిగతావాటికి వేరే అర. ముసలాయన ఒకరు రెండడుగులు వెనక్కొచ్చి, తన పళ్లెం సరైన అరలోకి మార్చి మరీ వెళ్లారు. శాకాహారం కొట్టు చాలా సెంటర్లలో ఒకటైనా ఉంటుంది. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో అయితే దోసెలూ పూరీలూ వరసగా కొట్లే.

ఎక్కడ పిసినారితనం పనికిరాదో కూడా చెప్పాలి. రాత్రి తొమ్మిది దాటాక కొత్త ఊళ్లో దిగితే యాప్‌లో టాక్సీ పిలవండి. రోజులో రెండు గంటలు మధ్యాహ్నం గదికొచ్చి పడుకోండి, ఏప్రిల్ మేలో అయితే తప్పనిసరి. ఏప్రిల్ నడుమ వచ్చే థాయ్ నూతన సంవత్సరం నీళ్లపండగ, చైనా కొత్త సంవత్సరం రోజుల్లో రైలు బెర్తులు, బస్సు సీట్లు దొరకడం కష్టం. దొరికినా రేటు మండిపోతుంది. మందుల చీటీ ఇంగ్లీషులో రాయించి తీసుకెళ్లండి.

చివరిరోజు టికెట్ నేను ఎంచుకున్నాను: గార్డెన్స్ బై ది బేలో మేఘాల అడవి, అద్దాల కప్పు కింద జలపాతం, పొగమంచులో చల్లటి కొండమొక్కలు. ఖరీదే. ఆయన వంతుగా అడిగింది రెండంతస్తుల సిటీబస్సులో పై అంతస్తు ముందు సీటు. మామూలు బ్యాంకు కార్డు ఆనిస్తే ఎక్కనిస్తారు, ఛార్జీ డాలరున్నరా రెండూ. వర్షం మొదలైంది, బస్సు చెట్ల కొమ్మలకి రాసుకుంటూ బుకిత్ తిమా రోడ్డు మీద పోతోంది, ఆయన అద్దానికి ముఖం ఆనించి ఒక్కో స్టాపు పేరూ పైకి చదువుతున్నారు. మలేసియా తూర్పు తీరానికి అడవుల్లోంచి పోయే మీటర్ గేజ్ లైన్ ఒకటుందట, గెమాస్ దగ్గర చీలుతుంది. వచ్చే డిసెంబరుకి కాదు, అప్పుడక్కడ వరదలు. ఫిబ్రవరి తర్వాత చూద్దామని లెక్కలు మొదలుపెట్టారు.